సనూసీ బాబాయ్ గోడ

మధ్యాహ్నం మూడున్నర దాటింది. గాలి ఆగిపోయింది గానీ, పొద్దున అది లేపిన దుమ్ము ఇంకా పైనే వేలాడుతోంది. సూర్యుడు తోమని రాగి పళ్ళెంలా ఉన్నాడు. రంజాన్‌లో అది పదకొండో రోజు. బఖీత్ కడుపు వీపుకి అంటుకుపోయింది.

మామూలు రోజైతే అతను ఓర్చుకునేవాడే. ముప్పై ఏళ్ళుగా ఎండలో ఇసుక తట్టలు మోస్తూ ఉపవాసాలు ఉన్నవాడికి ఆకలి కొత్తేం కాదు. కానీ ఆ వేకువన, లేచి తినమని డప్పు కొట్టుకుంటూ తిరిగేవాడు వీధిలోంచి పోయినా అతనికి మెలకువ రాలేదు. భార్య నఫీసా చెల్లెలి పురుటికని పిల్లల్ని తీసుకుని పక్క ఊరు వెళ్ళింది. లేపే దిక్కు లేదు. ముందు రాత్రి తిన్న రెండు రొట్టెలూ గుప్పెడు ఉడికిన చిక్కుడు గింజలూ అంతే.

కాకికోట గుమ్మం ముందు, మట్టి ఇటుకల ప్రహరీ నీడలో, మోకాళ్ళు కడుపుకి అదుముకుని కూర్చున్నాడు. పక్కనే నీళ్ళ బాన. దాని ఒంటికి చెమట పట్టి, చుక్క చుక్కగా ఇసుకలోకి జారుతోంది. చూసేకొద్దీ గొంతు ఎండుతోందని దానికి వీపు పెట్టి తిరిగి కూర్చున్నాడు.

ఎడారిలో ఉన్న ఆ పాత గుడిని ఊళ్ళో అందరూ కాకికోట అంటారు. అది కోటా కాదు, అక్కడ కాకులూ లేవు. నిజానికి ఆ రోజు అక్కడ కూర్చోవలసినవాడు బఖీత్ కాదు, కాపలాదారు సనూసీ. బఖీత్ గుడి చుట్టూ పేరుకున్న ఇసుక తవ్వే కూలీ. రంజాన్ కదా, కూలీలంతా పొద్దున్నే పని ముగించి మిట్టమధ్యాహ్నానికే ఊళ్ళోకి వెళ్ళిపోయారు. సనూసీకి పన్ను వాచి నాలుగు రోజులైంది. అది పీకించుకోవడానికి ముత్ పట్నం వెళ్ళాడు. మర్నాటికి గాని బండి దొరకదు.

"ఆఫీసుకి చెప్పావా బాబాయ్?" అని పొద్దున అడిగాడు బఖీత్.

"చెప్తే సెలవు కాగితం రావాలి. అది వచ్చేలోపు పన్ను దానంతటదే రాలిపోతుంది" అన్నాడు సనూసీ, చెంప చేత్తో పట్టుకుని. "ఒరేయ్, విను. వచ్చేవాళ్ళు వస్తారు, చూసేవాళ్ళు చూస్తారు. గోడ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకు. గోడ దగ్గరికి నీళ్ళు తీసుకెళ్ళకు. ఈ రెండే. సాయంత్రం ఇసుక ఊడ్చి ఇంటికి పో. ఇది గుర్తుంచుకోవడానికి మూడో తరగతి చాలు."

"మూడు కూడా పూర్తి కాలేదు బాబాయ్."

"అందుకే రెండే చెప్పాను."

సనూసీకి అరవై దగ్గర పడుతోంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ గుడికి కాపలా. అంతకుముందు వాళ్ళ నాన్న ఇద్రీస్ కాపలా. మనిషి సన్నగా, ఖర్జూరపు మట్టలా ఉంటాడు. నోరు మాత్రం మూతపడదు. కూలీలతో మాట్లాడతాడు, మేకలతో మాట్లాడతాడు. ఎవరూ దొరక్కపోతే గర్భగుడి గోడ మీద చెక్కిన పొట్టేలు తల దేవుడితో మాట్లాడతాడు. "ఏం పొట్టేలు దొరా, రాత్రి నిద్రపట్టిందా? నాకు పట్టలేదు, నడుం నొప్పి" అని అడిగి, వెంటనే అల్లాని క్షమాపణ వేడుకుంటాడు. భార్య హమీదా పెళ్ళయిన తొమ్మిదో ఏట పోయింది. ఉన్న ఒక్క కూతురు అస్యూత్‌లో కాపురం చేస్తోంది. ప్రహరీ పక్కన మట్టి గది ఒకటి పురావస్తు ఆఫీసువాళ్ళు ఇచ్చారు. అదే అతని ఇల్లు. ఇంకో ఏడాదిలో ఉద్యోగం అయిపోతుంది. ఆ గదిలోనే ఉండనిస్తారని, చివరిదాకా బతుకు అక్కడే గడిచిపోతుందని అతని ఆశ.

రోజూ సాయంత్రం చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, సనూసీ ఖర్జూర మట్టల చీపురు తీసుకుని లోపలి నుంచి గుమ్మం దాకా ఇసుకంతా ఊడుస్తాడు. ముందుకి నడుస్తూ కాదు, వెనక్కి నడుస్తూ. తన అడుగు కూడా మిగలకుండా. పొద్దున్నే వచ్చి ఆ ఇసుకని పుస్తకం చదివినట్టు చదువుతాడు. "రాత్రి నక్క వచ్చింది, టికెట్ కొనలేదు" అంటాడు. "ఖలీల్ గాడి మేక వచ్చింది, ముందు కాలు కుంటుతోంది, వాడికి చెప్పండి" అంటాడు. ఎడారి ఒడ్డున పుట్టినవాళ్ళందరికీ అడుగులు చదవడం కాస్తో కూస్తో వచ్చు. సనూసీకి మాత్రం ఊళ్ళో ప్రతి పాదం సొంత మనిషి మొహంలా తెలుసు. బఖీత్ కుడి పాదం పక్కకి తిరిగి పడుతుంది. పాతికేళ్ళ కింద దాని మీద రాయి పడింది. ఆ రోజు అతన్ని గాడిద మీద వేసుకుని ముత్ తీసుకెళ్ళి, మూడు రోజులు ఆసుపత్రి వరండాలో పడుకున్నది సనూసీయే. అంతకుముందు, తండ్రి పోయి బడి మానేసిన పదకొండేళ్ళ బఖీత్‌ని "వీడు పొట్టివాడు గానీ పదిహేనేళ్ళవాడు" అని మేస్త్రీతో అబద్ధమాడి పనిలో పెట్టించింది కూడా అతనే.

నీళ్ళ సంగతి మాత్రం సనూసీ నవ్వుతూ చెప్పడు. వాళ్ళ నాన్న కాలంలో అన్నిచోట్లా కాపలాదారులు గోడలు తడిపేవాళ్ళట. దుమ్ము పట్టిన బొమ్మ మీద తడిగుడ్డ వేస్తే రంగు పెళ్ళికూతురిలా మెరుస్తుంది, చూసేవాళ్ళు సంతోషిస్తారు. ఒకసారి పెద్ద ఆఫీసరు వస్తే ఇద్రీస్ కూడా తూర్పు గదిలో గోడ తడిపాడు. ఆ రాతి కడుపు నిండా ఉప్పు. నీళ్ళు లోపలికి పోయి, తిరిగి వచ్చేటప్పుడు ఆ ఉప్పుని వెంట తెచ్చాయి. రెండు నెలల్లో బొమ్మ మొహం ఉల్లిపొరలా ఊడి కింద పడింది. ఇద్రీస్ ఆ పెచ్చుల్ని ఒళ్ళో పోసుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడట. అది సనూసీ తన పద్నాలుగో ఏట చూశాడు. అప్పట్నుంచి కాకికోట లోపల చుక్క నీరు పడలేదు. తను నమాజుకి ముందు కాళ్ళు కడుక్కోవాలన్నా ప్రహరీ దాటి వెళ్తాడు.

ఈ కథ బఖీత్ వందసార్లు విన్నాడు. వినడం వేరు, చేతి అలవాటు వేరు. తవ్వకంలో పని చేసేవాళ్ళు ఇసుకలోంచి కుండపెంకు తీస్తే ముందు చేసే పని, బొటనవేలు తడి చేసి దాన్ని రుద్దడం. నల్లటి సిరా గీత ఉంటే అప్పుడే పైకి తేలుతుంది. అక్షరాలున్న పెంకు దొరికితే మేస్త్రీ మెచ్చుకుంటాడు. ఎండిపోయినదాన్ని తడిపితే కనపడుతుంది. బఖీత్ బొటనవేలికి ముప్పై ఏళ్ళుగా తెలిసిన చదువు అదొక్కటే.

నాలుగు కావస్తుండగా ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. ముగ్గురు దిగారు. కైరోవాళ్ళు. ఒకాయన ముసలివాడు, నల్ల కళ్ళద్దాలు, పాత కోటు. ఆయన చెయ్యి పట్టుకుని నడిపిస్తూ భార్య. వెనకాల లావుపాటి బావమరిది, నోట్లో సిగరెట్టు.

"ప్రయాణంలో ఉన్నవాళ్ళకి ఉపవాసం లేదులే" అన్నాడు బావమరిది, బఖీత్ చూపు చూసి. పొగ ఇటే వదిలాడు.

ముసలాయన పేరు వహ్బీ. బళ్ళో మాస్టారుగా చేసి మానేశారు. గర్భగుడిలోకి వెళ్ళగానే కళ్ళద్దాలు తీసి, గోడకి మూరెడు దూరంలో నిలబడి, మెడ సాచి చూశారు. అటూ ఇటూ జరిగారు. మళ్ళీ చూశారు.

"నీలం ఎక్కడ నాయనా?" అని అడిగారు.

"అదే సార్, మీ ఎదురుగానే. కిరీటం."

"మా పాఠం పుస్తకంలో ఈ బొమ్మ ఉండేది. పొట్టేలు తల, నీలం కిరీటం. ముప్పై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, ఈ నీలం ఇలా ఉంటుందర్రా అని. నేను చూస్తే కదా. ఇప్పుడు కళ్ళలో నీటికాసులు. చలికాలానికి ఇంకేం కనపడదన్నాడు డాక్టరు. అందుకని వచ్చాం."

"వచ్చాం, చూశాం" అన్నాడు బావమరిది. "రెండు రోజుల ప్రయాణం చేసి బూడిద పూసిన గోడ చూశాం. అక్కయ్యా, మా వంటింటి గోడ చూపించినా సరిపోయేది, పెట్రోలు కలిసొచ్చేది."

"నువ్వు ఊరుకోరా షుక్రీ" అంది ఆవిడ.

"నేనేమన్నాను? ఏమయ్యా, ఇంతేనా మీ గుడి? ఇంకేమైనా దాచిపెట్టారా?"

బఖీత్‌కి తల తీసేసినట్టయింది. ఎవరో తన ఇంటికొచ్చి, కంచంలో పెట్టింది చూసి మొహం తిప్పుకున్నట్టుంది. ఈ గోడ మీది ఇసుకని తట్టల్లో మోసినవాడు తను. ఈ కిరీటం నీలం ఎలా ఉంటుందో తనకి తెలుసు. ఆ మాస్టారు ఇంకా మెడ సాచే ఉన్నారు. ఎదురుగా ఉన్నది కనపడక, కనపడలేదని చెప్పడానికి మొహమాటపడి, "బాగుంది, బాగుంది" అంటున్నారు.

అతను బయటికి వెళ్ళాడు. బాన పక్కనున్న రేకు డబ్బా నిండా నీళ్ళు ముంచాడు. దానితోనే పక్కనున్న బొక్కెన కూడా నింపాడు. పొద్దుట్నుంచి తాగకుండా వీపు పెట్టి కూర్చున్న నీళ్ళు. లోపలికొచ్చి తలపాగా విప్పి, తడిపి, పిండకుండానే, కిరీటం మీది నుంచి మొహం మీదుగా ఛాతీ దాకా ఒక్కసారి దించాడు. మళ్ళీ ముంచి, మళ్ళీ దించాడు.

రంగు లేచింది. నీలం, దాని పక్కన పసుపు, పొట్టేలు కొమ్ము కింద ఎర్ర గీత. ఇప్పుడే వేసి వెళ్ళినట్టున్నాయి. షుక్రీ నోట్లో సిగరెట్టు అలాగే ఉండిపోయింది. మాస్టారి పెదాలు కదులుతున్నాయి, చిన్నపిల్లలకి పాఠం చెప్తున్నట్టు. కాసేపటికి వెనక్కి తిరిగి బఖీత్ తల రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకున్నారు. ఆయన చెంపలు తడిగా ఉన్నాయి.

వెళ్తూ వెళ్తూ ఆవిడ మిఠాయి డబ్బా ఇచ్చింది. కైరోలో కొన్నదట. నెయ్యి కారుతున్న కునాఫా. "నీ పిల్లలకి నాయనా" అంది.

అరగంటలో గోడ ఎండిపోయింది. ఎప్పటిలాగే బూడిద రంగు. బఖీత్ చేత్తో తడిమి చూశాడు, ఏమీ లేదు. ఏమీ కాలేదు. పొద్దు గుంకాక, ఊళ్ళోంచి అజాన్ లీలగా వినపడగానే, గుమ్మంలో కూర్చుని కునాఫా సగం తినేశాడు. వేళ్ళు నాకాడు. ఆ ముసలాయన ముద్దు పెట్టిన చోటు ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది. ఆ సంతోషంలో ఇసుక ఊడవడం మర్చిపోయి, మిగిలిన డబ్బా చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు.

మర్నాడు సనూసీ వచ్చేసరికి పదయింది. కూలీలు అప్పటికే వెనక గోడ దగ్గర తట్టలు మోస్తున్నారు. సనూసీ చెంప రొట్టెలా ఉబ్బి ఉంది. గుమ్మం దగ్గర ఆగి కిందికి చూశాడు. నెమ్మదిగా లోపలికి నడిచాడు, నెమ్మదిగా బయటికి వచ్చాడు. బఖీత్‌ని పిలిచాడు.

"ఎవరైనా వచ్చారా?"

"ముగ్గురొచ్చారు బాబాయ్. కైరోవాళ్ళు. చూశారు, వెళ్ళిపోయారు."

"బాన సగానికి దిగిందేం? ఉపవాసం కదా."

"వుజూ చేసుకున్నాను. నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి కదా."

సనూసీ అతని మొహంలోకి చూశాడు. "చాలా పెద్ద నమాజు చేసుంటావు" అన్నాడు. ఇంకేమీ అనలేదు. పంటి నొప్పి వల్ల మాట్లాడటం లేదని బఖీత్ అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు. బాన దగ్గర్నుంచి గోడ దాకా తన అడుగులు లోతుగా, బరువు మోస్తున్నవాడివిగా పడి ఉన్నాయనీ, తిరిగి వచ్చిన అడుగులు తేలిగ్గా ఉన్నాయనీ, బాబాయ్ వాటిని చదివేసి ఉంటాడనీ అతనికి ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు తట్టింది. చెంబు చేతిలో అలాగే ఉండిపోయింది.

పండగ అయిపోయింది. పండగ తర్వాత పది రోజులకి గోడ మీద ఉప్పు పూసింది. మొదట కిరీటం చుట్టూ పంచదార చల్లినట్టు. తర్వాత ఛాతీ దాకా, సరిగ్గా ఒక తలపాగా వెడల్పున. సనూసీ రోజూ పొద్దున దాని ముందు నిలబడేవాడు. పొట్టేలు దొరతో మాట్లాడటం మానేశాడు. ఒకనాటి మధ్యాహ్నం లోపల్నుంచి చిన్న చప్పుడైంది, పెంకు రాలినట్టు. బఖీత్ తట్ట కింద పెట్టి వెళ్ళి చూశాడు. సనూసీ నేల మీద కూర్చుని నీలం పెచ్చుల్ని ఒక్కొక్కటే ఏరి తువ్వాలులో వేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"నేను ఏరనా బాబాయ్?"

"నీ వేళ్ళు మొరటు. నలిగిపోతాయి."

ముత్ నుంచి ఆఫీసు సారు వచ్చాడు. రఊఫ్ అని కుర్రాడు, చెడ్డవాడు కాదు. గోడ దగ్గర వంగి పైనుంచి కిందిదాకా చూశాడు. తర్వాత కూలీలందరినీ వరసలో నిలబెట్టాడు. మేస్త్రీ దియాబ్ ఆ చివర, బఖీత్ ఈ చివర.

"దీన్ని ఎవరో తడిపారు. ఎవరికైనా తెలుసా?"

ఎవరూ పలకలేదు. బఖీత్ తన కాలి వేళ్ళు చూసుకున్నాడు. చెప్తే పని పోతుంది, పోలీసులు పట్టుకెళ్తారు, ముగ్గురు ఆడపిల్లలు. చెప్తే సనూసీ సెలవు లేకుండా ఊరెళ్ళిన సంగతి కూడా బయటపడుతుంది, అతనికీ నష్టమే కదా. ఈ రెండో మాట బఖీత్‌కి చాలా నచ్చింది. దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.

"చూడ్డానికొచ్చినవాళ్ళ కోసం నువ్వే తడిపావా?" అని సారు సనూసీని అడిగాడు.

"తాళం నా దగ్గరే ఉంటుంది సార్."

"అది జవాబు కాదు."

"నా దగ్గరున్న జవాబు అదే."

"ముప్పై నాలుగేళ్ళు చేశావు. మీ నాన్న సంగతి నువ్వే నాకు చెప్పావు. నువ్వు తడిపావంటే నేను నమ్మను. కానీ కాగితం మీద ఏం రాయమంటావు?"

"మీకేది తోస్తే అది రాయండి."

ఆ సాయంత్రం సనూసీ టీ కాచాడు. నల్లగా, నాలుక మీద పొర కట్టేంత చిక్కగా. ఇద్దరే ఉన్నారు. బఖీత్‌కి గ్లాసు అందిస్తూ అన్నాడు: "నాకు ఒక్క సంగతే తెలియాలి. తడిపినవాడు సరదాకి తడిపి ఉండడు. ఏదో ఉండి ఉంటుంది. ఆ ముక్క నా ముందుకొచ్చి చెప్తే, నేనే తడపమన్నానని సారుతో చెప్పేస్తాను. అక్కడితో వాడికీ ఏం లేదు. నాకెలాగూ పోయేదే, పోతుంది."

బఖీత్ నీళ్ళు నమిలాడు. టీ గ్లాసు కాలుతున్నా కింద పెట్టలేదు. మాస్టారు కళ్ళ సంగతి, షుక్రీ మాటలు, అన్నీ గొంతు దాకా వచ్చాయి. "అల్లా చూసుకుంటాడులే బాబాయ్" అన్నాడు చివరికి.

"అల్లా చూశాడు" అన్నాడు సనూసీ. "నేనడుగుతున్నది మనిషిని."

బఖీత్ ఆ టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఇంటికెళ్ళాడు.

నఫీసాకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అతను రొట్టె తుంచి, తినకుండా ముక్కలు చేస్తుంటే చూసి అడిగింది. "నేను ఊర్నుంచి రాగానే పిల్లలకి పెట్టావే, ఆ కునాఫా ఎవరిచ్చారు?"

"చూడ్డానికొచ్చినవాళ్ళు."

"ఊరికే ఇచ్చారా?"

అతను రొట్టె ఇంకో ముక్క తుంచాడు. ఆవిడ కంచం ముందు కూర్చుండిపోయింది. "పిల్లలు కూడా తిన్నారే" అంది. కంచం పక్కకి జరిపి, "పొద్దున్నే వెళ్ళి చెప్పు. నేను కూడా వస్తాను కావాలంటే" అంది.

"చెప్తాను. రేపు."

రేపు దుమ్ముగాలి వచ్చింది, పని లేదు. ఎల్లుండి సనూసీ పక్కన ఎవరో ఉన్నారు. ఆ తర్వాతి రోజు శుక్రవారం. ఇలా రెండు వారాలు నడిచాయి. నఫీసా మొదట్లో అడిగేది. తర్వాత అతను ఇంట్లోకి రాగానే మొహం చూసి, ఏమీ అడక్కుండా రొట్టెలు పెట్టేది. సనూసీ ఈ లోపల మరో రెండుసార్లు టీకి పిలిచాడు. ఒకసారి వాన గురించి, ఒకసారి కూతురి గురించి మాట్లాడాడు. మధ్యమధ్య ఆగేవాడు. ఆ ఆగడం ఎందుకో బఖీత్‌కి తెలుసు. ఆ ఖాళీలోకి తను మాట వెయ్యాలి. వెయ్యలేదు.

కాగితం వచ్చింది. సనూసీని కాపలా నుంచి తీసేశారు. వారంలో గది ఖాళీ చెయ్యాలి.

ఆ ఆఖరి రోజు బఖీత్ అందరికంటే ముందు బయల్దేరాడు. ఊరి నుంచి కాకికోట దాకా గంట నడక. దారంతా ఒకే మాట మననం చేసుకున్నాడు: "బాబాయ్, గోడ తడిపింది నేనే." అంతే. దానికి వెనకా ముందూ ఏమీ తగిలించకూడదనుకున్నాడు. మాస్టారి కళ్ళ సంగతి కూడా వద్దు, అది సాకులా ఉంటుంది. చెప్పాక సారు దగ్గరికి కూడా వెళ్ళాలి. పోలీసులైతే పోలీసులు. నడుస్తుంటే ఆ మాట తేలిగ్గా వచ్చింది, రెండుసార్లు పైకే అన్నాడు.

అప్పటికే పికప్ బండి వచ్చి ఉంది. సామానంటే ఒక రేకు పెట్టె, ఒక పరుపు మూట, టీ కెటిల్. సనూసీ ఉతికిన జుబ్బా వేసుకున్నాడు. కూలీలు ఒక్కొక్కరే వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. సనూసీ వరసగా అందరి దగ్గరికీ వచ్చాడు.

"దియాబూ, నేను లేను కదా అని వీళ్ళు తట్టలు సగమే నింపుతారు. చూసుకో."

"నువ్వున్నప్పుడు మాత్రం నింపారా?" అన్నాడు మేస్త్రీ.

"ఖలీల్, మేకకి మందు వెయ్యరా. నిన్న కూడా కుంటింది. ఒరేయ్ మస్ఊద్, పెళ్ళి చేసుకో. నీ ఒక్కడి అడుగులే ఇసుకలో చూడలేక చచ్చాను."

అందరూ నవ్వారు, మస్ఊద్ కూడా. తర్వాత సనూసీ బఖీత్ ముందుకొచ్చాడు.

అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఏమీ అనలేదు. మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. టీకి పిలిచినప్పుడు ఆగినట్టే ఆగాడు, ఇంకొంచెం ఎక్కువసేపు. బఖీత్ నోరు తెరిచాడు. దారంతా నలిగిన మాట. అందరూ ఉన్నారు, అందరూ వింటున్నారు. "దారిలో జాగ్రత్త బాబాయ్" అని వచ్చింది నోట్లోంచి.

సనూసీ చేతులు వదిలాయి. బఖీత్ భుజం మీద ఏదో దుమ్ము ఉంటే దాన్ని దులిపి, వెళ్ళి బండెక్కాడు. ఎంత మాటకారి. ఎవరికి వాళ్ళకి ఒక మాట ఇచ్చి వెళ్ళాడు. బఖీత్‌కి మాత్రం ఇవ్వలేదు. బండి కదిలినప్పుడు కూడా ఇటు చూడలేదు. ఇసుక దారి మలుపు దాకా దుమ్ము కనపడింది, తర్వాత అదీ లేదు.

కూలీలు పారలు తీసుకుని వెనక గోడ వైపు నడిచారు. బఖీత్ కదల్లేదు. మేస్త్రీ దియాబ్ తలపాగా చుట్టుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, గోడ తడిపింది నేనే" అన్నాడు బఖీత్. ఎంత తేలిగ్గా వచ్చిందో.

దియాబ్ చుట్టడం ఆపలేదు. "తెలుసు."

"ఎవరికి?"

"అందరికీ. ఆ పొద్దున సనూసీ కంటే ముందు వచ్చింది మేమే కదా. నువ్వు ఇసుక ఊడ్చావా? నీ కుడి పాదం మాకు తెలీదా?"

బఖీత్ గుమ్మం వైపు చూశాడు. "మరి సారు అడిగినప్పుడు ఎవరూ..."

"చెప్పొద్దన్నాడు. మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు. వాడే చెప్తాడు, కంగారు పెట్టకండి అన్నాడు. నిన్న సాయంత్రం కూడా అన్నాడు, రేపు పొద్దున్న చెప్తాడ్రా అని."

"ఇప్పుడు వెళ్ళి సారుతో చెప్తాను."

"చెప్పు. చెప్పొద్దని నేనన్నానా?" దియాబ్ తలపాగా కొస లోపలికి దోపాడు. "కానీ ఆయన ఎదురు చూసింది సారు వినాలని కాదు."

ఆ రోజు పని ఎప్పటిలాగే జరిగింది. బఖీత్ సాయంత్రం బండికి ముత్ వెళ్ళి చెప్దామనుకున్నాడు, వెళ్ళాడు కూడా. అది తర్వాతి సంగతి. మధ్యాహ్నం అందరూ ప్రహరీ నీడలో గుండ్రంగా కూర్చుని రొట్టెలు విప్పారు. బఖీత్ దూరంగా కూర్చోబోతే మస్ఊద్ పక్కకి జరిగి చోటిచ్చాడు. ఖలీల్ గుద్దిన ఉల్లిపాయలో సగం అతని రొట్టె మీద పెట్టాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. బఖీత్ తల వంచుకుని, ఆ ఉల్లిపాయ ముక్క నమలడం మొదలుపెట్టాడు.